చలి కాచుకొనుట – ఇల్లు కాచుకొనుట

ప్రబంధ కవులు పాటించిన అష్టాదశ వర్ణనలలో ఋతువర్ణన ఒకటి. తరగతిలో హేమంత ఋతు వర్ణనను బోధిస్తున్న ఒక ఉదయం, ప్రొద్దుటూరు నుండి వచ్చే విద్యార్థి ఒకడు లేచి, "సార్, మంచు కురవడం, పళ్ళు కటకటలాడడం ఇవన్నీ హిమాలయాలలో ఉంటాయేమో గాని, మన కడప జిల్లాలో చలి ఎక్కడున్నది?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు సద్దుమణిగిన తర్వాత చివరి బల్ల మీద నుండి పులివెందుల ప్రాంతపు విద్యార్థి ఒకడు మెల్లగా, "మా ఇంట్లో ఉంది సార్" అన్నాడు. విచారించగా తెలిసిందేమనగా, వారిది పాత మట్టిమిద్దె. కార్తీకంలో పట్టిన ముసురుకు అది కారడం మొదలుపెట్టి నెల దాటినా గోడలు ఆరలేదు. అతని అవ్వకు రాత్రిళ్ళు నిద్ర లేదు.

ఆ ఇద్దరు విద్యార్థులు చెప్పినదీ నిజమే. ఆ రెండు నిజాల మధ్య ఉన్న వ్యత్యాసమే ఈ వ్యాసానికి విషయం.

ముందుగా ఒక మాటను గురించి. 'కాచు' అనే క్రియకు తెలుగులో రెండు అర్థాలు ప్రసిద్ధంగా ఉన్నవి. పాలు కాచడంలో అది వేడి చేయడం. చేను కాచడంలో అది కాపలా ఉండడం, రక్షించడం. ఈ రెండింటికీ మూలం ఒకటా, వేరా అన్న చర్చను పండితులకు విడిచిపెడదాం. 'చలి కాచుకొనుట' అనగానే మనకు మొదటి అర్థమే, అనగా నిప్పు, నెగడు, కుంపటి గుర్తుకు వస్తాయి. మన ప్రాంతపు చలికి కావలసినది మాత్రం రెండవ అర్థం. ఇక్కడ వేడిని పుట్టించవలసిన అవసరం స్వల్పం. ఉన్న వేడిని పోకుండా కాపాడుకొంటే చాలును. ఆ కాపాడే వస్తువులు రెండు: పైన మిద్దె, ఒంటి మీద బొంత. ఈ రెండూ మరమ్మతు కోరే వస్తువులే.

మన మూడు తాలూకాల శీతాకాలం ఎటువంటిదో చూద్దాం. వేసవిలో 40 డిగ్రీల సెంటిగ్రేడును దాటిపోయే ఈ నేలలో డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు కాస్త అటూ ఇటుగా దిగుతుంది. ఉత్తర దేశం వారు వింటే దీనిని చలి అనరు. అయితే మన చలికాలం వాన వెనుకనే వస్తుంది. జిల్లాలో సాలుకు సుమారు 700 మిల్లీమీటర్ల వర్షం పడితే, అందులో మూడింట ఒక వంతు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో ఈశాన్య ఋతుపవనాల వల్లనో, బంగాళాఖాతపు వాయుగుండాల వల్లనో కురుస్తుంది. ఇల్లు తడిసి ఉన్న సమయంలోనే మబ్బు విడిచి, ఆకాశం నిర్మలమై, రాత్రులు చల్లబడతాయి. నిశ్చలంగా ఉన్న గాలితో పోలిస్తే నీరు వేడిని 20 రెట్లకు పైగా సులభంగా ప్రసరింపజేస్తుంది. తడిసిన గోడ, చెమ్మ పట్టిన దుప్పటి చల్లగా తగలడానికి ఇది ఒక కారణం. రెండవ కారణం ఇంకా బలమైనది. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలో కేలరీల వేడి కావాలి. గోడలోనికి పది లీటర్ల నీరు ఇంకినదనుకొంటే, అది ఆరడానికి సుమారు ఒకటిన్నర కిలోల ఎండుకట్టె మండితే వచ్చే వేడి అంతా ఖర్చయిపోతుంది. ఆ వేడిని గోడ ఎక్కడి నుండి తెచ్చుకొంటుంది? గదిలోని గాలి నుండి, గోడ పక్కన పడుకొన్న మనిషి నుండి. పులివెందుల అవ్వ నిద్రను హరించినది ఉష్ణమాపకం చూపించే చలి కాదు, ఈ తడి.

ఇక మిద్దె సంగతి. ఇప్పటి విద్యార్థులలో చాలామంది స్లాబు ఇళ్ళలో పుట్టినవారు కావున కొంత వివరంగా చెబుతాను. మన ప్రాంతపు పాత మిద్దెకు గోడలు రాతితోనో, మట్టితోనో ఒకటిన్నర, రెండు అడుగుల మందంతో లేపేవారు. వాటి మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద కట్టెలు గాని, నాపబండలు గాని పరిచేవారు. జమ్మలమడుగు, యర్రగుంట్ల ప్రాంతాలలో బండలకు కొరత లేదు. భూగర్భ శాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి అని పిలిచేది, దేశమంతటా కడప బండ అని పేరుపొందినది ఇక్కడి రాయే. దాని మీద చెదను దూరం పెట్టడానికి వేపాకు, కానుగాకు వంటివి పరిచి, మెత్తిన మట్టి వేసి, అన్నిటికీ పైన చౌడు పోసి అణచేవారు. వాన నీరు నిలువకుండా ఒక వైపునకు వాలు పెట్టి, తూము అమర్చేవారు. ఇంటి నడుమ వెలుతురు రావడానికి, పొగ పోవడానికి గవాక్షి ఉండేది. మన వాడుకలో దానిని గవాచి అంటాము.

చౌడు అంటే పైరు పెరగని పనికిమాలిన నేల అని వ్యవసాయదారుడు తిడతాడు. మిద్దెకు మాత్రం అదే ప్రాణం. చౌడు మట్టిలో సోడియం లవణాలు హెచ్చు. తడి తగలగానే అందులోని సన్నని బంకమట్టి రేణువులు ఉబ్బి, విడివడి, మట్టిలోని రంధ్రాలను మూసివేస్తాయి. పొలంలో నీటిని ఇంకనివ్వని దుర్గుణమే కప్పు మీద సుగుణమైనది. పైగా దానిలో గడ్డి మొలవదు కావున వేళ్ళు దిగి పగుళ్ళు పట్టవు. మా పులివెందుల విద్యార్థి ఒకనాడు రెండు చిల్లు ముంతలు తెచ్చి, ఒకదానిలో ఎర్రమట్టి, ఒకదానిలో చౌడు అణచి, రెండింటిలోనూ నీళ్ళు పోసి నా బల్ల మీద పెట్టాడు. తరగతి ముగిసే వేళకు ఎర్రమట్టి ముంతలోని నీరు నా హాజరు పట్టీ మీదికి వచ్చింది. చౌడు ముంతలోనిది మరునాటికి కూడా నిలిచి ఉన్నది. తెలుగు బోధించే నాకు ఆ రోజు బోధించినది అతడే.

ఇటువంటి మందమైన కప్పు, గోడలు చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉంటాయని పెద్దలు అంటారు. ఇది అతిశయోక్తి కాదు. ఒక అడుగు మందం గల మట్టిగోడను పగటి వేడి దాటి లోపలికి రావడానికి సుమారు 8 నుండి 10 గంటలు పడుతుంది. మధ్యాహ్నపు ఎండ మన మంచం దగ్గరకు చేరేది నడిరాత్రికి. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబును అదే వేడి మూడు గంటలలో దాటివేస్తుంది. అందుచేత సాయంకాలం స్లాబు ఇల్లు ఉక్కగానూ, తెల్లవారుజామున చల్లగానూ ఉంటుంది. జమ్మలమడుగుకు సమీపంలోని గండికోటకు విహారయాత్రకు వెళ్ళిన విద్యార్థులు పెన్నా లోయను చూసి ఛాయాచిత్రాలు తీసుకొని వస్తారు. జామియా మసీదుకు దగ్గరలో ఉన్న ధాన్యాగారంలోనికి ఒకసారి వెళ్ళి కొంతసేపు నిలబడవలె. ఆ దళసరి గోడలు, వంపు కప్పు బయటి ఋతువును లోపలికి ఎంత నెమ్మదిగా రానిస్తాయో చర్మమే చెబుతుంది.

ఈ విద్య మనది మాత్రమే కాదు. ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ 1945 మొదలుకొని లక్సర్ సమీపంలో కొత్త గుర్నా అనే గ్రామాన్ని పచ్చి ఇటుకలతో, మట్టి వంపులతో నిర్మించాడు. చల్లగా, చౌకగా, అందంగా కట్టిన ఆ ఊరికి తరలిపోవడానికి ఆ ప్రజలలో చాలామంది ఇష్టపడలేదు. దానికి కారణాలు అనేకం ఉన్నవి గాని, మట్టి ఇల్లు అంటే లేమికి గుర్తు అనే భావం మన దగ్గర కూడా తక్కువేమీ కాదు. పిల్లను ఇచ్చేవారు 'మిద్దెనా, స్లాబా?' అని అడగడం నేను విన్నాను. కేరళలో స్థిరపడిన లారీ బేకర్ తక్కువ ఖర్చు ఇళ్ళను గురించి జీవితాంతం చెప్పినా, మెచ్చుకొన్నవారి సంఖ్య కట్టుకొన్నవారి సంఖ్య కన్నా ఎప్పుడూ పెద్దదే.

అయితే మట్టిమిద్దెను కేవలం పొగిడి ఊరుకొనడం అపచారం. అది మనిషి మీద కూలగలదు. ఏటేటా వానలకు ముందు చౌడు పోయడం ఆచారం. చాలామంది చేసే పొరపాటు పాత పొరను తీయకుండా కొత్త పొరను పోయడం. పది ఏండ్లు గడిచేసరికి అరడుగు ఉండవలసిన మట్టి అడుగున్నర అవుతుంది. అది తడిస్తే బరువు మరింత పెరుగుతుంది. క్రింద దూలపు కొనలు గోడలో దాగి ఉంటాయి. చెద పట్టడం, కుళ్ళడం అక్కడే మొదలవుతుంది, మన కంటికి కనిపించదు. 2021 నవంబరు 19న పింఛా, అన్నమయ్య జలాశయాల కట్టలు తెగి చెయ్యేరు రాజంపేట ప్రాంతాన్ని ముంచివేసిన సంగతి మనకు తెలుసు. అంతటి వరద రానవసరం లేదు. రెండు దినాల ఎడతెగని ముసురు చాలును, నానిన పాత గోడ కూలడానికి. కావున దంతెల నడుమ నుండి మట్టి రాలుతున్నా, దూలం నడుము వంగినా, గోడ మీద కొత్తగా నిలువు చీలిక కనిపించినా ఆ గదిలో ముసురు రాత్రి ఎవరినీ పడుకోబెట్టరాదు, వృద్ధులను అసలే పడుకోబెట్టరాదు. వేసవిలో, మిద్దె పూర్తిగా ఎండి ఉన్నప్పుడు, పాత చౌడును చెక్కి దించి, దూలపు కొనలను పొడిచి చూసి, కొత్త చౌడును పలుచగా పోసి, తూమును శుభ్రపరచవలె. ఈ పనికి తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు తగ్గిపోతున్నారు. ఉన్నవారి చేత చేయిస్తూ మన పిల్లలు ప్రక్కన నిలబడి చూడడం మంచిది.

మా కుటుంబం మిద్దె నుండి స్లాబు ఇంటికి మారినప్పుడు అందరికన్నా ఇబ్బంది పడినది మా జేజి. "ఈ కొత్తింట్లో చలి పైనుంచి దిగుతాది నాయనా" అనేది. ముసలితనపు ఛాదస్తం అనుకొన్నాము. తర్వాత చదివితే తెలిసింది, ఆమె చెప్పినది భౌతికశాస్త్రం. నిర్మలమైన రాత్రి ఆకాశం క్రింద ఇంటి కప్పు తన వేడిని వికిరణం రూపంలో ఆకాశానికి విడిచిపెడుతుంది. పలుచని స్లాబు తెల్లవారేసరికి బాగా చల్లబడి, క్రింద పడుకొన్నవారి ఒంటి వేడిని లాగుతుంది. నేల మీద కడప బండ ఉంటే అది అడుగు నుండి లాగుతుంది. అటువంటి గదిలో మంచాన్ని బయటి గోడకు జానెడు ఎడంగా వేయడం, నేల మీద పడుకొనేవారు చాప, దాని మీద గోనె, ఆపైన పరుపు వేసుకొనడం కొంత ఉపశమనం. స్లాబుకు కూడా సేవ కావాలి. వేసవిలో పగుళ్ళు పూడ్చడం, అక్టోబరుకు ముందు గొట్టాల నోళ్ళలో చెత్త తీయడం, మిగిలిపోయిన ఇసుకను, ఇటుకలను పైన కుప్ప వేయకుండడం. నీరు లోపలి ఇనుప కడ్డీని చేరితే తుప్పు ఉబ్బి సిమెంటు పెచ్చులు రాలుతాయి. కప్పు మీద తెల్లసున్నం వేయడం వేసవికి మంచిది. చలికాలపు పగటి ఎండను కూడా అది కొంత త్రోసివేస్తుంది నిజమే గాని, మన వేసవిని తలచుకొంటే ఆ నష్టం లెక్కలోనిది కాదు.

సిమెంటు రేకుల ఇళ్ళవారికి ఒక్క హెచ్చరిక. పాత సిమెంటు రేకులలో రాతినార కలిసి ఉంటుంది. పులివెందుల ప్రాంతంలో బ్రాహ్మణపల్లె వంటి చోట్ల ఒకప్పుడు దీని గనులు ఉండేవి కావున మనకు ఇది కొత్త పేరు కాదు. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు భయం తక్కువ. చలిగాలి వస్తున్నదని దానిని కోసినా, తొలిచినా, పొడిగా గీకినా వెలువడే సన్నని నార ఊపిరితిత్తులలో చేరి, ఎన్నో ఏండ్ల తర్వాత ఉబ్బసపు ఆయాసాన్ని పోలిన వ్యాధిని, కాన్సరును కూడా తెస్తుంది. సందులను క్రింది నుండి గుడ్డతోనో, చాపతోనో మూయడమే క్షేమం.

ఇప్పుడు కుంపటి. మా జేజి ఆ మొదటి చలికాలంలోనే, మిద్దెలో అలవాటైన విధంగా, బొగ్గుల కుంపటిని మంచం ప్రక్కన పెట్టుకొని, చలిగాలి రాకుండా కిటికీలు మూయించి పడుకొన్నది. ప్రక్కన నా చెల్లెలు. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచిన మా నాయన, వుజూకు నీళ్ళు కాచడానికి నిప్పు కోసం ఆ గది తలుపు తెరిచాడు. ఇద్దరూ పిలిస్తే పలకలేదు. బయట అరుగు మీదికి మోసుకొచ్చిన తర్వాత చాలాసేపటికి చెల్లెలు వాంతి చేసుకొని కళ్ళు తెరిచింది. జేజికి రెండు రోజులు తలనొప్పి తగ్గలేదు. నాయన ఆ పూట నిప్పు కోసం రాకపోయి ఉంటే ఏమయ్యేదో మా ఇంట్లో ఈనాటికీ ఎవరూ మాట్లాడరు.

జరిగినదేమిటి? బొగ్గుకు చాలినంత గాలి అందనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిను ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దానిని పట్టుకొంటుంది. తల దిమ్ము, వికారం, మత్తు కలుగుతాయి. నిద్రలో ఉన్నవానికి ఆ మత్తు తెలియదు. కట్టెపొగ కన్నుమండించి మనిషిని లేపుతుంది. కణకణలాడే బొగ్గు పొగ లేదన్న భరోసా ఇచ్చి చంపుతుంది. పాత మిద్దెలో గవాచి ఉన్నది, తలుపు సందులు ఉన్నవి, అందుచేత అదే కుంపటి అక్కడ తరాల తరబడి అపాయం లేకుండా గడిచింది. ఇల్లు మారినప్పుడు అలవాటు కూడా మారవలసి ఉన్నది, అది మాకు తెలియలేదు. నిద్రించే వేళ ఇంటిలో నిప్పును మండుతూ విడిచిపెట్టరాదని దైవప్రవక్త బోధించినట్లు హదీసులలో ఉన్నది. చిన్నప్పుడు మదరసాలో ఆ మాట విని, అది అగ్నిప్రమాదాలను గురించి మాత్రమే అనుకొన్నాను. ఎవరైనా ఇటువంటి స్థితిలో కనిపిస్తే ముందు తలుపులు తెరిచి, వారిని బయటి గాలిలోనికి చేర్చి, ఆలస్యం లేకుండా ప్రాణవాయువు ఇవ్వగల ఆసుపత్రికి తీసుకొనిపోవలె. మజ్జిగ, నిమ్మరసం త్రాగిస్తూ కాలయాపన చేయరాదు.

కుంపటి వద్దంటే మరి చలికి ఏమున్నది? బొంత ఉన్నది, రజాయి ఉన్నది, కంబళి ఉన్నది. ఇవేవీ వేడిని పుట్టించవు. ఒంటి వేడిని నిలుపుతాయి. నిలిపేది దూది కూడా కాదు, దూదిపోగుల మధ్య చిక్కుకొని కదలలేని గాలి. కాంక్రీటు వేడిని ప్రసరింపజేసే శక్తిలో అటువంటి గాలికి ఉన్నది యాభైవ వంతు మాత్రమే. రెండేండ్లు కప్పుకొన్న రజాయిలో దూది అణగి, ఉండలు కట్టి, ఒకచోట గట్టిపడి ఒకచోట ఖాళీ అవుతుంది. బరువు అంతే ఉంటుంది గాని గాలి పోతుంది, దానితో వెచ్చదనమూ పోతుంది. చాలామంది దానిని పారవేసి అంగడిలో కృత్రిమపు నూలు దుప్పటి కొంటున్నారు. దూది చెడిపోలేదు. దానిని తిరిగి ఏకవలె.

ఏకడం అనగానే నా సొంతవారిని గురించి చెప్పక తప్పదు. రాయలసీమ నల్లరేగడిలో పత్తి పండిన కాలం నుండి ఊరూరా దూదేకులవారు ఉన్నారు. ఇస్లాము మతస్థులైనా ఇంటిభాష తెలుగు. నూర్‌బాషాలు, పింజారీలు అని కూడా పిలుస్తారు. నరపు నారి బిగించిన పెద్ద విల్లును పైకప్పు నుండి వ్రేలాడదీసి, దూదిలో ఆ నారిని ముంచి, కొయ్య గూటంతో కొడితే, 'టంయ్' అనే ధ్వనితో ప్రతి పోగూ విడివడి మబ్బులాగా లేస్తుంది. మా తాత ఆ పని చేసేవాడు. మా నాయన కొంతకాలం చేశాడు. నేను తెలుగు ఎం.ఏ. చదివాను. 'పింజారి' అనే మాటను తిట్టుగా వాడేవారిని నేను నా విద్యార్థి దశలో కూడా చూశాను. ఒక శీతాకాలమంతా ఊరిని వెచ్చగా ఉంచిన వృత్తి పేరు తిట్టు ఎట్లా అయినదో భాషాశాస్త్రం చదివిన తర్వాత కూడా నాకు అర్థం కాలేదు. ఇప్పుడు విల్లు స్థానంలో యంత్రం వచ్చింది. దూది ధూళి ఊపిరికి చెరుపు చేస్తుంది కావున ముక్కుకు గుడ్డ కట్టుకొని పనిచేయడం ఇప్పటివారికైనా అలవాటు కావలె. మా తాత దగ్గు మాకు గుర్తున్నది.

పాత చీరలను పొరలుగా పేర్చి కుట్టిన బొంతకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒక్క దళసరి దుప్పటి కన్నా రెండు పలుచని దుప్పట్లు మేలు, ఎందుకంటే వాటి నడుమ ఒక గాలిపొర అదనం. కురుబలు నేసే గొర్రెబొచ్చు కంబళి గరుకుగా ఉన్నప్పటికీ, కొద్దిగా తడిసినా వెచ్చదనాన్ని పూర్తిగా విడువదు. చెమ్మ ఉన్న పాత మిద్దెలో అడుగున పరచుకొనడానికి దానికి సాటి లేదు.

వీటిని ఆరబెట్టడానికి సూర్యుడే మనకు సహాయం. ప్రొద్దుటూరు అక్షాంశం వద్ద డిసెంబరు 21 దాపున మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి సుమారు 38 డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు. కావున చలికాలంలో ఎండ దక్షిణపు అరుగు మీద పడుతుంది, ఉత్తరపు వసారాకు అందదు. బొంతలను, పరుపులను ఆ అరుగు మీద పదకొండు గంటలకు వేసి, మంచు దిగకముందే, మూడు నాలుగు గంటల మధ్యలో తీసి మడవవలె. సాయంకాలం వరకు విడిచిపెడితే అవి ఆరిన చెమ్మను మళ్ళీ పీల్చుకొంటాయి. ముసలివారి మంచాన్ని కూడా పగటిపూట అక్కడికే మార్చవచ్చును.

రజాయిలను ఏకించదలచినవారు దసరా నాటికే విప్పి, పాత దూదిని ఒక ఎండ ఎండించి పంపవలె. దీపావళి దాటితే ముసురు పడుతుంది, తడిసిన దూది ఏకుకు రాదు. అదీగాక అప్పటికి ఊరంతా నిద్ర లేస్తుంది, ఏకేవారి వద్ద వరుస పెరుగుతుంది. మా జేజి రజాయి ఇప్పుడు నా పిల్లలు కప్పుకొంటున్నారు. అందులోని దూది మా తాత చేతులమీదుగా మొదటిసారి ఏకినదే, గవుసెన మాత్రం మూడుసార్లు మారింది.